కాళ్ళే బ్రేకులైతే?

వేగంగా పోతున్న సైకిల్ మీద ఒక్కసారి తొక్కడం ఆపి చూడండి. కాళ్ళు కదలవు, సైకిల్ మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. వెనక చక్రం దగ్గర టిక్ టిక్ టిక్ మని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. ఇందులో వింతేముంది, అన్ని సైకిళ్ళూ అంతే కదా అంటారా? అలా పోని సైకిల్ ఒకటి ఈ మధ్య మా వీధిలోకి వచ్చింది.

మేముండేది ఢిల్లీలో యమునకు తూర్పున, మయూర్ విహార్ ఫేజ్-1లో. పక్క బ్లాకులో ఇంజనీరింగు చదివే తెలుగు కుర్రాడొకడు ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్ నుంచి సన్నటి టైర్ల సైకిలొకటి కొనుక్కొచ్చాడు. దానికి మడ్‌గార్డుల్లేవు, గంట లేదు, హ్యాండిల్ మీద బ్రేకు పిడి కూడా లేదు. “ఆపడమెలాగయ్యా?” అని అడిగితే “కాళ్ళే బ్రేకులు అంకుల్!” అన్నాడు. వాళ్ళమ్మగారు మాత్రం మా గుమ్మంలోకి వచ్చి, “మీరు ఫిజిక్సు చదివారు కదా అన్నయ్యగారూ, వాడికి కాస్త నచ్చజెప్పండి. రోజూ ఆ లింకు రోడ్డు మీదే నోయిడా కాలేజీకి పోతాడు” అన్నారు. ఆ రోడ్డు సంగతి ఢిల్లీ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒక పక్క స్కూలు బస్సులు, మరో పక్క ఈ-రిక్షాలు, ఎటునుంచి వస్తారో తెలియని పాదచారులు.

నచ్చజెప్పడానికి ముందు లెక్క వేయడం మంచిదనిపించింది. ఆ లెక్కే ఇది.

మీరూ తొక్కిన సైకిలే

ఆ సైకిల్‌ను ‘ఫిక్స్‌డ్ గేర్’ సైకిల్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా మీకు తెలియనిది కాదు. చిన్నప్పుడు మీరు తొక్కిన మూడు చక్రాల సైకిల్ గుర్తుందా? దాని పెడళ్ళు ముందు చక్రం ఇరుసుకే బిగించి ఉంటాయి. చక్రం తిరిగితే పెడళ్ళు తిరగాల్సిందే, పెడళ్ళు ఆగితే చక్రం ఆగాల్సిందే. వెనక్కి తొక్కితే వెనక్కి పోతుంది. ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌లోనూ ఇదే సూత్రం. కాకపోతే మధ్యలో చైను ఉంటుంది.

మామూలు సైకిల్‌లో వెనక పళ్ళచక్రం లోపల ‘ఫ్రీవీల్’ ఉంటుంది. అందులో సన్నటి స్ప్రింగు మీద నిలిచిన చిన్న ఉక్కు నాలుకలుంటాయి. ముందుకు తొక్కినప్పుడు అవి లోపలి గాడి పళ్ళకు తన్నిపట్టి చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం ఆపితే గాడిపళ్ళ మీదుగా జారిపోతుంటాయి. మీరు విన్న టిక్ టిక్ ఆ జారుడు చప్పుడే.

సైకిళ్ళు పుట్టినప్పుడు ఈ ఏర్పాటు లేదు. పెద్ద ముందు చక్రం, చిన్న వెనక చక్రం ఉండే ఆనాటి సైకిల్ మీద పల్లంలో దిగేవాళ్ళు పెడళ్ళ నుంచి కాళ్ళు తీసి హ్యాండిల్ మీద వేసుకునేవారట! 1885లో జాన్ కెంప్ స్టార్లీ ఇంగ్లండులో తయారుచేసిన ‘రోవర్’ సైకిలే నేటి సైకిల్‌కు మూలం. దానికీ స్థిరమైన పళ్ళచక్రమే. ఫ్రీవీల్‌కు 1869లోనే అమెరికాలో విలియం వాన్ ఆండెన్ పేటెంటు పొందినా, అది జనంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లోనే. ఒకసారి వచ్చాక స్థిరచక్రం రోడ్డు మీద నుంచి క్రమంగా తప్పుకుంది. పందేల ట్రాకు మీద మాత్రం మిగిలిపోయింది.

ట్రాకు మీద ఎందుకు మిగిలింది?

మా ఇంటి నుంచి యమున దాటి ఐటీవో వైపు వెళితే ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణ వస్తుంది. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం అక్కడ చెక్క పలకలతో, పైకప్పుతో 250 మీటర్ల వెలోడ్రోమ్ కట్టారు. (హైదరాబాదు వాళ్ళకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని వెలోడ్రోమ్ తెలిసే ఉంటుంది. అది 2002 జాతీయ క్రీడలకు వచ్చింది.) ఈ ట్రాకు మీద తిరిగే సైకిళ్ళన్నిటికీ స్థిరచక్రమే. ఒక్కదానికీ బ్రేకు ఉండదు, ఉండనివ్వరు కూడా. 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో టీమ్ స్ప్రింట్ బంగారు పతకం తెచ్చిన మన కుర్రాళ్ళు ఈసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ తొక్కినవీ బ్రేకులేని సైకిళ్ళే.

బ్రేకు ఉంటే అక్కడే ప్రమాదం! అందరూ ఒకే దిశలో, ఒకరి చక్రం వెంట మరొకరి చక్రం జానెడు దూరంలో పోతుంటారు. ముందువాడు చటుక్కున బ్రేకు నొక్కితే వెనకున్న వాళ్ళంతా వాడి మీద పడతారు. ఎవరూ ఉన్నట్టుండి ఆగలేకపోవడమే అక్కడి భద్రత. ఎదురు బండి రాదు, బంతి కోసం పరిగెత్తుకొచ్చే పిల్లవాడుండడు. ఇవన్నీ లింకు రోడ్డు మీద ఉంటాయి. అందుకని ఆగడానికి ఎంత దూరం పడుతుందో చూడాలి.

లెక్క

మనవాడి బరువు, సైకిల్ బరువు కలిపి 85 కిలోలు అనుకుందాం. వేగం గంటకు 27 కిలోమీటర్లు, అంటే సెకనుకు 7.5 మీటర్లు. ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనకదానికి 16. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం మూడు చుట్లు తిరుగుతుంది, సైకిల్ సుమారు 6.3 మీటర్లు ముందుకు పోతుంది.

మొదట, కాళ్ళతో ఎదురు ఒత్తిడి పెట్టి ఆపడం. పెడలు కాడ పొడవు 17 సెంటీమీటర్లు. చక్రం వ్యాసార్ధం 33.5 సెంటీమీటర్లు. తొక్కేటప్పుడు మనల్ని వేగంగా తీసుకుపోయిన మూడు రెట్ల గేరు, ఆపేటప్పుడు మనకే ఎదురు తిరుగుతుంది. పెడలు మీద పెట్టిన బలంలో ఆరోవంతు మాత్రమే టైరు దగ్గరికి చేరుతుంది. సగటున 25 కిలోల బరువుకు సమానమైన బలంతో, అంటే దాదాపు 250 న్యూటన్లతో, ఎదురు తొక్కాడనుకోండి. టైరు దగ్గర మిగిలేది 42 న్యూటన్లు. దాన్ని 85తో భాగిస్తే ఋణత్వరణం సెకనుకు సెకనుకు అర మీటరు మాత్రమే. గాలి, టైరు దొర్లుడు ఘర్షణ తోడొచ్చినా సైకిల్ ఆగడానికి 40 మీటర్లు దాటుతుంది. కండ బలం ఉన్నవాడు ఇంతకు రెట్టింపు ఒత్తిడి తేగలడేమో. అప్పుడైనా అది నెమ్మదించడమే గాని ఆగడం కాదు.

“అలా కాదంకుల్, స్కిడ్ చేస్తాం” అన్నాడు కుర్రాడు. అంటే కాళ్ళు బిగబట్టి వెనక చక్రాన్ని పూర్తిగా ఆపేసి రోడ్డు మీద ఈడ్చడం. ఇక్కడే అసలు చిక్కుంది.

ఏ సైకిలైనా వేగం తగ్గేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. బస్సు బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలినట్టే. వెనక చక్రం తేలికవుతుంది. ఘర్షణ బలం చక్రం మీద పడే బరువుకు అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదువుకున్నారు. అంటే గట్టిగా ఆపబోయిన కొద్దీ వెనక చక్రానికి ఆపే శక్తి తగ్గుతుంది. గరిమనాభి నేలకు 1.1 మీటరు ఎత్తున, చక్రాల మధ్య దూరం ఒక మీటరు, మొదట వెనక చక్రం మీద 55 శాతం బరువు, పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుని లెక్కిస్తే, ఒక్క వెనక చక్రం ఇవ్వగల గరిష్ఠ ఋణత్వరణం సెకనుకు సెకనుకు సుమారు 2.3 మీటర్లు. ఆగే దూరం 12 మీటర్లు.

ఈ గరిష్ఠాన్ని అందుకోవాలంటే పెడళ్ళ మీద దాదాపు 115 కిలోల బరువుకు సమానమైన బలం పెట్టాలి. అది మామూలు మనిషికి సాధ్యం కాదు. అందుకే స్కిడ్ చేసేవాడు ఏం చేస్తాడో గమనించండి. సీటు మీద నుంచి లేచి, హ్యాండిల్ మీదికి బాగా వంగుతాడు. వెనక చక్రం మీద బరువు తీసేస్తాడన్న మాట. అప్పుడు చక్రం సులువుగా బిగుసుకుంటుంది, కాని నేల మీద దాని పట్టు కూడా అంతే తగ్గిపోతుంది. చప్పుడు, నల్లటి గీత బ్రహ్మాండంగా ఉంటాయి. ఆగే దూరం మాత్రం 12 మీటర్లను మించి పోతుంది. వానాకాలంలో ఘర్షణ గుణకం సగమైతే, ఏ లోపం లేకుండా ఆపినా 18 మీటర్లు దాటుతుంది.

అదే సైకిల్‌కు ముందు బ్రేకు ఉంటే? బరువు వాలేది ముందు చక్రం మీదికే కాబట్టి నొక్కిన కొద్దీ దాని పట్టు పెరుగుతుంది. పరిమితి ఒక్కటే. వెనక చక్రం గాలిలోకి లేవకూడదు. పై కొలతల ప్రకారం ఆ హద్దు సెకనుకు సెకనుకు సుమారు 5 మీటర్ల ఋణత్వరణం. ఆగే దూరం ఆరు మీటర్ల లోపే. ఈ దూరాలకు, ఆపాలని మెదడుకు తట్టడానికి పట్టే సమయం కూడా కలపాలి. అది ఒక సెకను అయితే మరో ఏడున్నర మీటర్లు.

ముందు బ్రేకు నొక్కితే బోర్లా పడతామని మనలో చాలామందికి చిన్నప్పటి భయం. హద్దు దాటితే నిజమే. సీటు మీద వెనక్కి జరిగి, చేతులు బిగించి, మెల్లగా పెంచుతూ నొక్కితే ఆ హద్దు దూరంగానే ఉంటుంది. నమ్మకం లేకపోతే ఖాళీ మైదానంలో సుద్దగీత గీసి, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో వచ్చి, ఒకసారి వెనక బ్రేకుతోనే, మరోసారి రెండిటితో ఆపి, అడుగులతో కొలిచి చూడండి.

టైరు మీద భిన్నాలు

మా కుర్రాడికి ఈ లెక్కలకంటే ఇంకో లెక్క నచ్చింది. వాడి వెనక టైరు ఒకే చోట అరిగి గుడ్డ కనిపిస్తోంది. మిగతా అంతా కొత్తగానే ఉంది. ఎందుకో చెప్పగలరా?

స్కిడ్ చేసేవాడు ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి బిగబడతాడు. 48/16ను సూక్ష్మీకరిస్తే 3/1. పెడలు ఎన్ని చుట్లు తిరిగి అదే స్థానానికి వచ్చినా, చక్రం సరిగ్గా పూర్ణ చుట్లే తిరిగి ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ నేలను రాసుకునేది టైరులో అదే ముక్క. వెనక 17 పళ్ళ చక్రం వేస్తే? 48/17 ఇక సూక్ష్మం కాదు. చక్రం 17 వేర్వేరు చోట్ల ఆగుతుంది, అరుగుదల పదిహేడు చోట్లకు పంచుకుంటుంది. సూక్ష్మీకరించిన భిన్నంలో హారం ఎంతో అన్ని చోట్లన్న మాట. రెండు కాళ్ళూ మార్చి మార్చి వాడేవాడికైతే, లవం బేసి సంఖ్య అయినప్పుడు ఆ చోట్లు రెట్టింపవుతాయి. మరి 46/16కు ఎన్ని? కాగితం తీయండి.

బిగింపు ఎటు?

చివరగా హబ్బు చూశాను. లెక్కలన్నిటికంటే భయపెట్టింది అదే. మామూలు హబ్బు మీద పళ్ళచక్రం మర కుడివైపు తిరిగి బిగుసుకుంటుంది. ముందుకు తొక్కిన కొద్దీ ఇంకా గట్టిగా బిగుస్తుంది. ఎదురు తొక్కితే అదే మర వదులవుతుంది. అందుకే అసలైన ట్రాకు హబ్బులో పళ్ళచక్రం పక్కన, దానికి వ్యతిరేక దిశలో మర ఉన్న లాక్ రింగు బిగిస్తారు. పళ్ళచక్రం వదులు కాబోతే ఆ రింగు అడ్డుకుంటుంది. మావాడి సైకిల్ అసలైన ట్రాకు సైకిల్ కాదు. రోడ్డు పక్క మెకానిక్కెవరో పాత ఫ్రీవీల్‌కు వెల్డింగు పెట్టి స్థిరచక్రంగా మార్చేశాడు, లాక్ రింగు లేదు. ఒక గట్టి స్కిడ్‌తో పళ్ళచక్రం మర వదిలి తిరిగిపోయిందంటే, కాళ్ళ బ్రేకు కూడా పోయినట్టే. చైను ఊడినా అంతే సంగతులు.

బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనలు స్థిరచక్రాన్ని వెనక బ్రేకుగా ఒప్పుకుంటాయి, కాని ముందు చక్రానికి వేరే బ్రేకు ఉండి తీరాలంటాయి. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఇలాంటి సైకిల్ ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక తల్లి చనిపోయింది. మరుసటి ఏడు కోర్టు ఆ యువకుడికి 18 నెలల శిక్ష వేసింది. వాడిన చట్టం 1861 నాటిది, గుర్రపు బండ్ల కాలంలో రాసింది!

ఈ కబురు విని కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం ఇద్దరం కలిసి వెళ్ళి లాక్ రింగు ఉన్న హబ్బు, 17 పళ్ళ చక్రం, ఒక ముందు బ్రేకు కొనుక్కొచ్చాం. స్థిరచక్రం మాత్రం వదలనన్నాడు. నిదానంగా పోయేటప్పుడు రోడ్డు కాళ్ళకు తెలుస్తుందట. ఒకసారి సంజయ్ లేక్ పక్క రోడ్డు మీద నేనూ తొక్కి చూశాను. నిజమే, తెలుస్తుంది. మలుపులో అలవాటుగా తొక్కడం ఆపబోయాను, పెడలు నా కాలిని ఎత్తి కుదేసింది.