దుఃఖమునకు ఎన్ని పేర్లు?



కొన్నేళ్ళ క్రిందట మా సంఘములో ఒక తల్లి తన ఒక్కగానొక్క కుమారుని పోగొట్టుకున్నది. నాలుగు రోజుల జ్వరము, అంతే. మేము వెళ్ళేసరికి ఆమె నేల మీద కూర్చుండి, మన పల్లెల్లో స్త్రీలు ఏడ్చినట్లే, పిల్లవాని ముచ్చట్లన్నీ ఒక్కొక్కటి చెప్పుకుంటూ శోకాలు పెడుతున్నది. నేను బైబిలు తెరచి థెస్సలొనీకయుల మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము చదివి, "అమ్మా, మనము నిరీక్షణ గలవారము, ఇట్లు ఏడవకూడదు" అన్నాను. ఆమె నా ముఖము చూచి, కొంగు నోటికి అడ్డు పెట్టుకుని ఊరకుండిపోయింది. చుట్టూ ఉన్నవారు "అయ్యగారి మాటకు ఎంత నిబ్బరమొచ్చింది" అని మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను. ఆ సంతోషము సరియైనదేనా అన్న అనుమానము నాకు చాలా కాలము తరువాత లాటిన్ భాష చదువుతుండగా కలిగింది.

లాటిన్ మనకెందుకండీ అని మీరు అడగవచ్చు. పశ్చిమ దేశాల సంఘము వెయ్యేళ్ళకు పైగా బైబిలును చదివినది ఆ భాషలోనే. సెమినరీలో మాకు గ్రీకు కొంచెము నేర్పారు గాని లాటిన్ నేర్పలేదు. ఒక పాత వ్యాకరణ పుస్తకముతో రాత్రిళ్ళు కుస్తీ పట్టి నేర్చుకున్నాను. ఇప్పటికీ తప్పులు లేకుండా రాదు.

మనకు బెంగ, దిగులు, బాధ, శోకము, వేదన అని మాటలున్నాయి. ఇవన్నీ ఒకటి కాదని ఎవరూ చెప్పనక్కరలేదు. బిడ్డ హాస్టలుకు పోతే తల్లికి బెంగ. వాన వెనుకబడితే రైతుకు దిగులు. లాటిన్‌లోనూ అంతే. దొలొర్ అంటే నొప్పి. పంటి నొప్పికీ అదే మాట, మనసు నొచ్చుకుంటే అదే మాట. మన "నొప్పి", "నొచ్చుకొనుట" ఒకే మూలము నుండి వచ్చినట్లే! మొదటి శతాబ్దములో సెల్సుస్ అనే రోమీయుడు వాపుకు నాలుగు గుర్తులు వ్రాశాడు: ఎరుపు, పొంగు, వేడి, దొలొర్. డాక్టరు చదువు చదివే పిల్లలు నేటికీ ఈ నాలుగు నేర్చుకుంటారు. మనము వాడే "కండోలెన్స్ మీటింగు"లో ఉన్నదీ ఈ దొలొరే. కలిసి నొప్పి పడుట అని దాని అర్థము. మన "సంతాపము"లో ఉన్నది తాపము, అనగా కాలుట. ఇంగ్లీషువారి "గ్రీఫ్" అనే మాట బరువు అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుండి వచ్చింది. గుండె బరువెక్కింది అని మనము అనుట లేదా?

లుక్తుస్ వేరు. అది చనిపోయిన వారి కొరకు పడే దుఃఖము. నలుగురికీ కనబడేది. రోమీయులు నల్లని బట్టలు కట్టి, గడ్డము తీయక దానిని పాటించేవారు. భర్త చనిపోయిన స్త్రీకి పది నెలలు గడువు. కూలికి ఏడ్చే స్త్రీలు కూడ ఉండేవారు. క్రీ.పూ. 450 ప్రాంతములో వ్రాసిన పన్నెండు పలకల చట్టములో స్త్రీలు చెంపలు రక్కుకోరాదనీ, "లెస్సుస్" చేయరాదనీ ఉన్నది. తమాషా ఏమనగా, ఆ లెస్సుస్ అంటే ఏమిటో తరువాతి రోమా పండితులకే సరిగా తెలియలేదు. కొందరు ఒక రకము బట్ట అన్నారు, మరికొందరు పెద్దగా ఏడ్చుట అన్నారు. ఏమి చేయకూడదో తెలియని చట్టము!

ఇక మైరోర్. ఇది కన్నీటితో కూడిన దుఃఖము, ముఖములో తెలిసేది. త్రిస్తితియ అంటే విచారము. ఐగ్రితూదో అంటే మనసుకు వచ్చిన జబ్బు. రోగి అనే మాట నుండి పుట్టింది అది. ఇట్టి మాటలను వరుసగా పెట్టి, ఇది ఇట్టిది, అది అట్టిది అని అర్థములు చెప్పినవాడు సిసెరో. గొప్ప వక్త, న్యాయవాది. అయితే ఆయన ఈ పుస్తకము ఊరక కూర్చుని వ్రాయలేదు. అదే నేను మీకు ముఖ్యముగా చెప్పదలచినది.

సిసెరోకు తుల్లియా అనే కుమార్తె ఉండేది. ఆమె క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో, ప్రసవమైన కొద్ది వారాలకే చనిపోయింది. సిసెరో మొదట అత్తికుస్ అనే స్నేహితుని ఇంట ఉండి, అక్కడ దుఃఖమును గూర్చి గ్రీకులు వ్రాసినవన్నీ చదివాడు. తరువాత సముద్రతీరాన అస్తూరాలోని తన ఇంటికి వెళ్ళాడు. ఉదయమే దట్టమైన అడవిలోకి పోయి సాయంత్రము వరకు బయటికి వచ్చేవాడు కాదని ఆయనే ఉత్తరములో వ్రాశాడు. తనను తాను ఓదార్చుకొనుటకు ఒక పుస్తకము కూడ వ్రాశాడు గాని అది మనకు దక్కలేదు.

లోకము ఊరకుంటుందా? అంత పెద్దమనిషి ఇంకా ఎన్నాళ్ళు ఇట్లుంటాడు, పట్టణానికి వచ్చి నలుగురిలో తిరగవద్దా అన్నారు. సుల్పికియుస్ అనే స్నేహితుడు గ్రీసు నుండి ఓదార్పు ఉత్తరము వ్రాశాడు. నేను ఓడలో వస్తూ కొరింథు మొదలైన పట్టణములు పాడుబడి ఉండుట చూచాను, ఇంత పెద్ద ఊళ్ళే పోయినప్పుడు ఒక చిన్న స్త్రీ ప్రాణము పోయినదని ఇంతగా కుమిలిపోతావా అని దాని సారము. మంచి మనసుతోనే వ్రాశాడు. అది చదివినప్పుడు నా మాటే నాకు వినబడినట్లయింది.

ఆ నెలలోనే సిసెరో అత్తికుస్‌కు వ్రాసిన మరొక ఉత్తరములో రెండు మాటలను విడదీశాడు. మైరోర్‌ను తగ్గించుకున్నాను అన్నాడు. అంటే పైకి కనబడే ఏడుపును. దొలొర్‌ను మాత్రము తగ్గించలేను, చేతనైనా తగ్గించుకోను అన్నాడు. ఈ ఒక్క మాట కొరకైనా ఆ వ్యాకరణముతో పట్టిన కుస్తీ వృథా కాలేదనుకుంటాను. నిఘంటువులో రెంటికీ "దుఃఖము" అనే ఉంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి మాత్రము వాటి మధ్య తేడా తెలుసు.

బైబిలు సంగతి చూద్దాము. క్రీ.శ. 382లో రోమా బిషప్పు దమాసు కోరగా జెరోము లాటిన్ సువార్తలను సరిదిద్దుట మొదలుపెట్టాడు. పత్రికల భాగము ఆయనది కాదని పండితులంటారు. అన్నీ కలిసి వుల్గాతా అనే బైబిలు అయింది. ప్రకటన 21:4లో మన తెలుగులో దుఃఖము, ఏడ్పు, వేదన అని మూడున్నాయి కదా? లాటిన్‌లో మొదటిది లుక్తుస్, చివరిది దొలొర్. యెషయా 53లోని వ్యసనాక్రాంతుడు లాటిన్‌లో దొలొర్‌లు గల మనుష్యుడు. రెండవ కొరింథీ 7:10లో దైవచిత్తానుసారమైన దుఃఖము, లోక దుఃఖము రెండూ త్రిస్తితియే. ఆ రెండవ రకమును అయిదవ శతాబ్దములో కస్సియాను అనే సన్యాసి ఎనిమిది దుర్గుణములలో ఒకటిగా లెక్కించాడు.

ఇప్పుడు నేను ఆ తల్లికి చదివిన వచనము, 1 థెస్సలొనీక 4:13. అక్కడి లాటిన్ క్రియ కొంత్రిస్తారి, దుఃఖపడుట. అదే క్రియ మత్తయి 26:37లో గెత్సేమనేలో యేసు ప్రభువు గూర్చి కూడ ఉన్నది! అనుమానమొచ్చి గ్రీకు చూచాను. అక్కడా రెండుచోట్ల ఒకే క్రియ. ప్రభువు చేసినదానినే పౌలు వద్దన్నాడా? లేదు. నిరీక్షణ లేనివారి "వలె" అన్నాడు. ఆ "వలె" నేను ఆ రోజు మ్రింగివేశాను.

అగస్టీను కూడ ఈ పొరపాటే చేశాడు. 387లో ఓస్తియా రేవులో తల్లి మోనిక చనిపోయినప్పుడు ఆమె కన్నులు తానే మూసి, ఏడ్పును బలవంతముగా ఆపుకున్నాడు. చిన్నవాడైన కుమారుడు అదెయోదాతుస్ గొల్లుమంటే అందరూ వాని నోరు మూయించారు. స్నానము చేస్తే మనసు తేలికవుతుందని విని స్నానము కూడ చేశాడు. ఏమీ తేలిక కాలేదు. నిద్రపోయి లేచిన తరువాత, దేవుని యెదుట ఒంటరిగా ఉన్నప్పుడు కన్నీళ్ళను వదిలిపెట్టాడు.

నేను ఆ తల్లి ఇంటికి వెళ్ళి, "అమ్మా, ఆనాడు నేను తప్పు చెప్పాను" అన్నాను. ఆమె చాప వేసి, "ఏముందిలెండి అయ్యగారూ, ఇంట్లో ఏడవకూడదని చేలోకి పోయి ఏడ్చేదాన్ని" అన్నది. నాకు అస్తూరా అడవి గుర్తుకు వచ్చి సిసెరో సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "ఆ అమ్మాయికి ఎన్నేళ్ళండీ?" అని అడిగింది. ముప్పై రెండో ముప్పై మూడో అన్నాను.

"అయ్యో, చిన్నపిల్లే" అని, కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.