గౌతమి ఒడిలో ఒక రాత్రి

కార్తిక మాసం రాగానే ఉసిరిచెట్టు క్రింద దామోదరుని అర్చించి, అక్కడే పొయ్యి పెట్టి వండుకొని, బంధుమిత్రులతో కలసి భుజించడం మన ఇండ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఊరు విడిచి వెళ్ళి, చెట్ల నడుమ, నీటి ఒడ్డున ఒక పూట గడపమని పెద్దలు చెప్పిన ఈ వనభోజనాన్నే నేటి పిల్లలు క్యాంపింగ్ అంటున్నారు. పేరు మారినంత మాత్రాన దోషమేమీ లేదు. మా కుటుంబం అటువంటి యాత్ర ఒకటి గోదావరి మీద చేసింది. ఆ యాత్రలో ఈ వ్యాసకర్త చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని చెప్పుకోవడానికి చాలాకాలం మనస్కరించలేదు.

2011 నవంబరు 12, రెండవ శనివారం. కార్తిక పౌర్ణమి వెళ్ళి రెండు రోజులైంది. పౌర్ణమి నాడు ఆలయంలో అర్చకునికి ఊపిరి సలపదు గనుక మా ఇంటి వనభోజనాలు ఎప్పుడూ పౌర్ణమి తరువాతే. మా అమ్మగారికి అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. పేరంటాలపల్లి శివుణ్ణి కన్నులారా చూడాలని ఆమెకు ఏనాటి నుంచో కోరిక. నేను, నా సహధర్మచారిణి, ఇద్దరు పిల్లలు, తమ్ముడి కుటుంబం, అందరమూ రాజమహేంద్రవరం మీదుగా వెళ్ళి పట్టిసం రేవులో పడవ ఎక్కాము. దక్షయజ్ఞ ధ్వంసం తరువాత వీరభద్రుడు తన పట్టిసమనే ఆయుధాన్ని ఇక్కడ కడిగినందున ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. నది మధ్య లంకలో కొలువైన భద్రకాళీ సమేత వీరేశ్వరునికి పడవ మీద నుంచే నమస్కరించి బయలుదేరాము.

ప్రతిదినమూ కలశారాధనలో సప్తనదులను ఆవాహన చేసేటప్పుడు గోదావరి పేరు ఉచ్చరిస్తూనే ఉంటాము. ఋగ్వేదం పదవ మండలంలోని నదీసూక్తంలో మాత్రం ఈమె పేరు కానరాదు. గౌతమ మహర్షి తపస్సు వలన త్ర్యంబకం దగ్గర అవతరించిన వైనం బ్రహ్మపురాణంలోని గౌతమీ మాహాత్మ్యంలో విస్తారంగా ఉన్నది. అక్కడి నుంచి సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలిసే ఈ తల్లి, తూర్పు కనుమలను చీల్చుకొని వచ్చే చోటే పాపికొండలు. స్త్రీ శిరస్సు మీది పాపిడి వలె నది రెండు కొండల వరుసల నడుమ సాగుతుంది గనుక ఆ పేరు వచ్చిందని జనులంటారు. ఏబది ఏళ్ళు ఉద్ధరిణెడు నీటిలో ఆవాహన చేసిన తల్లి వక్షఃస్థలం మీద ఆనాడు మొదటిసారి కూర్చున్నాను.

పడవ కదలగానే సిబ్బంది ఒక్కొక్కరికి లైఫ్ జాకెట్ ఇచ్చారు. నారింజ రంగువి. ఎందరో తొడిగి విడిచినవి, కొన్ని ఇంకా తడిగానే ఉన్నవి. నేను మడిపంచె కట్టుకొని ఉన్నాను. మాధ్యాహ్నిక సంధ్య పడవ మీదే చేయవలసి ఉన్నది. “నాకు అక్కరలేదు నాయనా, ఆ తల్లే చూసుకుంటుంది” అని ప్రక్కన పెట్టించాను. నన్ను చూసి అమ్మగారు కూడా వద్దన్నారు. తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి మాత్రం, “నాన్నగారూ, పైన ఉత్తరీయంలాగా వేసుకోండి, మడికేమవుతుంది?” అని రెండుసార్లు అడిగింది. నేను సమాధానం చెప్పలేదు.

గండి పోశమ్మ తల్లికి మ్రొక్కి, దేవీపట్నం దాటి వెళుతూంటే నది ఇరుకై, నీటి రంగు ముదిరింది. కచ్చులూరు దగ్గర కొండ నదిలోకి చొచ్చుకొని వచ్చిన మలుపున నీరు ఒకచోట ఉబికి, మరొకచోట సుడి తిరుగుతూ ఉంటుంది. అక్కడికి రాగానే కెమెరాలు పట్టుకున్నవారందరూ ఒక్కసారిగా కుడిప్రక్కకు చేరారు. పడవ ఒరిగింది. ఎంతో కాదు, జానెడు ఒరిగి ఉంటుందేమో. కాని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అమ్మగారు కుర్చీతో సహా అంచువైపు జారిపోయారు. నేను చేయి చాచేలోపల తమ్ముడు ఆమె కొంగు, ముంజేయి కలిపి పట్టుకున్నాడు. సరంగు కేకలు వేసి అందరినీ వెనుకకు కూర్చోబెట్టాడు. అంతా అర నిమిషం.

పిల్లకాలువ ఒడ్డున పుట్టి పెరిగినా నాకు ఈత రాదు. అమ్మగారికీ రాదు.

అరవై ఏళ్ళ ఆ సరంగు కొంతసేపటికి నా దగ్గరకు వచ్చి, “పంతులుగారూ, మేమూ రోజూ కొబ్బరికాయ కొట్టే కదులుతాం. కొట్టాక తాడు చూసుకుంటాం, ఇంజను చూసుకుంటాం. అమ్మే కదా అని చూసుకోవడం మానం” అన్నాడు. నేను తల వంచుకొని జాకెట్ తీసుకున్నాను. అమ్మగారు తనకు మా అమ్మాయి చేత కట్టించుకుంటూ, “ఒరేయ్, పిల్లలకు పాఠాలు చెబుతావే, నీ సూత్రంలో దీనికి ఏమీ లేదట్రా?” అన్నారు.

ఉన్నది. అదే నన్ను నేటికీ బాధించే విషయం. మేము ఆపస్తంబ సూత్రులము. ఆపస్తంబ ధర్మసూత్రం మొదటి ప్రశ్నలో స్నాతకుని నియమాలు చెబుతూ, చేతులతో ఈది నదిని దాటరాదనీ, సంశయాస్పదమైన నావను ఎక్కరాదనీ మహర్షి విధించాడు. మనుస్మృతి నాలుగవ అధ్యాయంలోనూ చేతులతో నదిని దాటరాదన్న నిషేధం ఉన్నది. ఆ సూత్రాన్ని ఎందరో విద్యార్థులకు స్వరం తప్పకుండా వల్లె వేయించాను. అర్థమూ చెప్పాను. అది చదువుకొని వదలివేసే పాతకాలపు విధి అని మనస్సులో ఎక్కడో అనుకొని ఉంటాను. రామాయణంలో గుహుడు చేసినదేమిటి? సాక్షాత్తు శ్రీరామచంద్రుడే గంగను దాటుతున్నాడు. ఆయన ఎక్కితే ఏ పడవైనా తేలదా అని గుహుడు ఊరకుండలేదు. దృఢమైనది, చుక్కాని పట్టేవాడు ఉన్నది, సుఖంగా దాటించేది అయిన నావను తెమ్మని తనవారిని ఆజ్ఞాపించాడు. నడి గంగలో సీతామాత నదికి మ్రొక్కుకున్నది ఆ నావలో కూర్చున్న తరువాతనే.

మడి సంగతి అడిగేవారికి ఒక్క మాట. ఆపత్తులో సడలని ఆచారాన్ని ఏ ధర్మశాస్త్రమూ విధించలేదు. ఆపద్ధర్మమని వేరుగా ఒక ప్రకరణమే ఉన్నది. కుమారసంభవంలో బటువు వేషంలో వచ్చిన శివుడు తపస్సు చేస్తున్న పార్వతిని అడిగిన ప్రశ్నలలో, శక్తికి మించి శరీరాన్ని శ్రమ పెట్టడం లేదు కదా అన్నదీ ఒకటి.

కొండల నడుమ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. సినిమాలలో అందరూ చూసినదే. పేరంటాలపల్లిలో మెట్లెక్కి వెళితే చెట్ల నీడలో శ్రీరామకృష్ణ మునివాటం, అందులో శివాలయం, ప్రక్కగా కొండ మీది నుంచి దుమికే సెలయేరు. 1920వ దశకంలో బాలానంద స్వామివారు ఇక్కడికి వచ్చి స్థిరపడి, కొండరెడ్ల సేవకు జీవితాన్ని అంకితం చేశారు. అమ్మగారు సెలయేటి నీరు చెంబుతో తెచ్చి శివునికి సమర్పించి చాలాసేపు కూర్చుండిపోయారు. కొండరెడ్ల స్త్రీలు వెదురుతో చేసిన పూలు అమ్ముతున్నారు. మా అమ్మాయి కొన్న గుత్తి ఇప్పటికీ మా దేవుడి గదిలో ఉన్నది.

ఆ రాత్రి కొల్లూరు ఇసుక తిన్నె మీద, వెదురు గుడిసెలలో మకాం. మూడు రాళ్ళు పెట్టి ఆడవారు అన్నం, కందిపచ్చడి, చారు చేశారు. కార్తికం గనుక ఉల్లి లేదు. తినిపించేవేళ మా తమ్ముడి కొడుకు ప్లాస్టిక్ గ్లాసు నదిలోకి విసరబోతే అమ్మగారు చేయి పట్టుకున్నారు. నీటిలో ఉమ్మి, మలినం వేయరాదని మనువు చెప్పిన సంగతి ఆమె చదివి ఎరుగరు. వాళ్ళ అమ్మ చెప్పగా ఎరుగుదురు.

విదియ నాటి చంద్రుడు కొండ వెనుక నుంచి ఆలస్యంగా వచ్చాడు. అంతవరకు నెగడు వెలుగే. పిల్లలు కథ అడిగారు. సీతాదేవిని రావణుడు ఎత్తుకొని పోతుండగా ఆమె గోదావరిని వేడుకొని, రామునికి చెప్పమన్న ఘట్టం చెప్పాను. తరువాత రాముడు వచ్చి సీత ఏదని అడిగితే రావణ భయం చేత నది పలుకలేదు. “అమ్మ కదా, ఎందుకు చెప్పలేదు?” అని మా అమ్మాయి అడిగింది. వాల్మీకి అలాగే వ్రాశాడని మాత్రం చెప్పగలిగాను. తెల్లవారుజామున మంచులో నదీస్నానం చేసి, అరటి దొప్పలలో దీపాలు విడిచాము. అమ్మగారి దీపం సుడిలో రెండు చుట్లు తిరిగి బయటపడి వెళ్ళింది.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలకు వెళుతున్న పర్యాటకుల పడవ అదే కచ్చులూరు దగ్గర, వరద నీటిలో మునిగిపోయింది. 26 మంది బ్రతికారు. సుమారు యాభై మంది ప్రాణాలు కోల్పోయారు. మునుగుతున్నవారిని ముందుగా పట్టి లాగినవారు ఒడ్డున ఉన్న కచ్చులూరు గ్రామస్థులే. పడవను అక్టోబరు 22న, అంటే ముప్పై ఏడు రోజులకు, ధర్మాడి సత్యం బృందం పైకి తీసింది. వార్త విన్న సాయంత్రం ఆలయంలో నా చేత మంత్రపుష్పం సాగలేదు. ప్రక్కన ఉన్న అర్చకుడు అందుకొని పూర్తి చేశాడు. అమ్మగారు అప్పటికి లేరు.

చాలాకాలం ఆగిపోయిన పడవలు 2021 నవంబరులో మళ్ళీ కదిలాయి. ఆ ఏడాదే పోలవరం దగ్గర నది ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్ళించారు. వరదలొస్తే గండి పోశమ్మ ఆలయం నీట మునుగుతున్నది. ఒడ్డున ఉన్న ఎన్నో గ్రామాలవారు తమ ఇలవేల్పులను వెంటబెట్టుకొని పునరావాస కాలనీలకు తరలిపోయారు.

2023 కార్తికంలో మా అమ్మాయి తన కొడుకుతో వచ్చి, వెళ్దామన్నది. రేవులో జాకెట్ నేనే ముందుగా అడిగి తీసుకొని, మడిపంచె మీద తొడిగి, పట్టీలు బిగించుకున్నాను. మనుమడికి కట్టి, రెండుసార్లు లాగి చూశాను. మలుపు దగ్గర అందరమూ కూర్చునే ఉన్నాము. నేను పితృదేవతలకు ఇచ్చినట్లే ఆ యాభై మందికీ తిలోదకాలు విడిచాను. గోత్రనామాలు తెలియవు. కాశ్యప గోత్రమని చెప్పుకున్నాను.

పైకి వెళ్ళాక మనుమడు, “తాతగారూ, మీరు పడుకున్న ఇసుక ఏది?” అని అడిగాడు. సరంగు చుక్కాని వదలకుండానే గడ్డంతో చూపించాడు. అక్కడ నీరు ఉన్నది.