కోతకాలపు వాన – మగ్గముపై దాని దెబ్బ

“పొలము రైతుది, మగ్గము మనది, చేలో వాన పడిన మనకేమి?” అనుకొనువారు మనలో ఇంకను కొందరు కలరు. ఈ తలపు ఎంత పొరపాటో 2020 అక్టోబరులో వచ్చిన ఒక్క వాయుగుండము తెలియజేసినది. అది నడచిన దారి పొడవునను తెలుగు నేత కుటుంబములున్నవి. కావున దానినే ఉదాహరణముగా గైకొని, కోతకాలపు వాన పంటను ఎట్లు చెరుచునో, ఆ నష్టము మన యింటికి ఏ దారిని వచ్చునో ఇచట వివరింతుము.

వాయుగుండము నడచిన దారి

బంగాళాఖాతములో పుట్టిన ఆ తీవ్ర వాయుగుండము అక్టోబరు 13వ తేది ఉదయము కాకినాడ వద్ద తీరము దాటినది. యానాము దానికి పొరుగూరే. నేల మీదికి వచ్చిన పిమ్మట ఇట్టివి సాధారణముగా త్వరలో చల్లారును. ఇది మాత్రము గాలి తగ్గినను వానను విడువలేదు. తెలంగాణము మీదుగా సాగి, ఆ రాత్రి హైదరాబాదు పరిసరములను ముంచెత్తి, మరునాటికి కర్ణాటకములోని కలబురగి, మహారాష్ట్రములోని షోలాపురము ప్రాంతములకు చేరినది. ఉజని ఆనకట్ట నుండి విడిచిన నీరును తోడై భీమానది పొంగి, ఒడ్డున గల పొలములను ముంచినది.

బంగాళాఖాతమునకు తుపాను కాలములు రెండు: వేసవిలో ఒకటి, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు రెండవది. ఈ రెండవది సరిగా ఖరీఫు కోతల మీదనే పడును. బరంపురము వైపువారు 2013 అక్టోబరు 12న ఫైలిన్‌ను, 2018 అక్టోబరు 11న తిత్లీని చూచిరి. తిత్లీకి ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. తమిళనాట 2018 నవంబరు 16న వచ్చిన గజ తుపాను తంజావూరు, నాగపట్టణము వైపు కొబ్బరితోటలను కూల్చినది. పోయిన పైరును మరు సంవత్సరము వేసికొనవచ్చును. కూలిన కొబ్బరిచెట్టు స్థానమున మరియొకటి కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును.

పంట ఎట్లు చెడును?

నష్టమునకు వాన యొక్క పరిమాణము ఒక్కటే కొలత కాదు. వాన పడిన నాటికి పైరు ఏ దశలో ఉన్నదో చూడవలెను.

వరి పూతలో ఉన్నప్పుడు జోరువాన పడిన గింజ సరిగా కట్టదు, తాలు హెచ్చును. గింజ ముదిరిన పిమ్మట గాలివాన వచ్చిన కంకి బరువునకు పైరు పడిపోవును. నీటిలో నానిన కంకి మీదనే గింజ మొలకెత్తును. కోసి పనలుగా పరచిన వరికి మరింత ముప్పు. రంగు మారును, ముక్కవాసన వచ్చును, మరపట్టిన నూక హెచ్చును.

కందికి నిలువనీరు పనికిరాదు; వేరు కుళ్లి చెట్టు వడలును. షోలాపురము, మరాఠ్వాడా వైపు సోయాచిక్కుడు ఆ దినములలో కోతకు వచ్చి ఉండెను. కోయనిది చేలో మొలకెత్తినది. కోసి కుప్ప వేసినది తడిసి బూజు పట్టినది. చేతికందిన పంట నోటికందలేదు.

మనకు దగ్గరి పంట పత్తి. దీనిని వరివలె ఒక్కసారి కోయరు. అక్టోబరు మొదలు మూడు నాలుగు తీతలుగా ఏరుదురు. పగిలిన కాయలోని పత్తి తడిసిన మచ్చపడి పసుపుగనో బూడిదరంగుగనో మారును. పగులని కాయలలో తేమ చేరి క్రింది కాయలు కుళ్లును. 2020–21లో మద్దతుధర మధ్యరకము పత్తికి క్వింటాలునకు 5,515 రూపాయలు, పొడుగు పింజకు 5,825 రూపాయలు. కాని ఆ ధర నూటికి 8 పాళ్ల తేమ వరకే. ఆపైన తేమను బట్టి ధర తగ్గింతురు. 12 పాళ్లు దాటిన ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో తీసికొనరు. తడిసిన పత్తి గల రైతు దొరికిన ధరకే వర్తకునకు అమ్ముకొనవలసి వచ్చును.

మగ్గమునకు వచ్చు రెండు దారులు

మొదటి దారి నూలు. క్వింటాలు గింజపత్తి నుండి సుమారు మూడవవంతు మాత్రమే దూది వచ్చును. మిల్లులవారు పలుచోట్ల దూదిని కలిపి వడుకుదురు గనుక, ఒక జిల్లా నష్టము వెంటనే నూలులో కనబడదు. కొన్ని నెలలు పట్టును. కనబడినప్పుడు రెండు విధములుగా ఉండును. వానకు చెడిన దూది బలము తక్కువది గనుక పడుగు పోగులు తరచు తెగును. ముదరని పింజ చిన్న ఉండలు కట్టి రంగు పట్టక, నేసిన గుడ్డ మీద తెల్లని చుక్కలుగా తేలును. ఇక ధర సంగతి: 2020 చివర నుండి నూలు ధరలు హెచ్చిన మాట నిజమే, కాని అదంతయు వానదే అనరాదు. ఎగుమతులు, మిల్లుల గిరాకి కూడ దానికి కారణములు.

రెండవ దారి కొనువాని చేతి సంచి. ఇది మొదటిదానికంటె త్వరగా వచ్చును. మన చీరలు, పంచెలు, తువాళ్లు కొనువారిలో పల్లెవారే పెక్కుమంది. వారు కోతల డబ్బుతో దీపావళికి, సంక్రాంతికి, పెండ్లిండ్లకు బట్టలు కొందురు. 2020లో దీపావళి నవంబరు 14న వచ్చినది. వానకు దానికి నెల మాత్రమే ఎడము. కరోనా వలన అప్పటికే దిగజారిన అమ్మకముల మీద ఈ దెబ్బ పడినది. తడిసిన ఇంటివాడు ముందు విత్తనములకు, ఎరువు బాకీకి డబ్బు వెదకును గాని పట్టుచీర వెదకడు.

మనము చేయదగినవి

1. అక్టోబరు, నవంబరులలో మన సరుకు అమ్ముడగు ప్రాంతపు పంట వార్తలు గమనింపవలెను. అచట పంట పోయినచో ఖరీదైన రకములు తగ్గించి, నిత్యము కట్టు రకములు ఎక్కువ నేయుట మేలు.

2. కొత్త నూలు వచ్చినప్పుడు ఒక చిలపను రంగులో ముంచి ఆరబెట్టి చూడవలెను. చుక్కలు తేలినను, పోగు సులువుగా తెగినను ఆ నూలును పడుగునకు వాడరాదు. ఒకే పడుగులో రెండు సరకుల నూలు కలుపరాదు.

3. కొద్దిపాటి పొలము గల నేత కుటుంబములు పంట భీమా నిబంధనలు ముందే తెలిసికొనవలెను. 2020లో కర్ణాటక, మహారాష్ట్రములలో అమలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో పొలము మునిగినచో 72 గంటలలోపల తెలుపవలెనని నియమము. కోసి చేలో ఆరవేసిన పంటకు 14 దినముల వరకు రక్షణ అప్పుడు ఉండెను. నిబంధనలు రాష్ట్రమును బట్టి, సంవత్సరమును బట్టి మారును గనుక ప్రతి ఏడు విచారింపవలెను.

4. గుంట మగ్గములో నీరు చేరినచో పడుగు, అచ్చు రెండును పోవును. తుపాను హెచ్చరిక రాగానే పడుగును విప్పి చుట్టి అటక మీదికి ఎక్కింపవలెను. నష్టము లెక్క వ్రాయ వచ్చువారు పొలముల లెక్కతోనే తృప్తిపడి పోవుట కలదు. మగ్గము లెక్కయు వ్రాయుమని అడిగి, నీరు తీయకమునుపే ఫోటో తీసి ఉంచవలెను.

ఆకాశమును మనము ఆపలేము. కాని రైతు చేలో పడిన చినుకు ఎన్ని దినములకు మన గుమ్మము త్రొక్కునో లెక్కించుకొనగలము. ఆ లెక్క తెలిసిన యింట పండుగ బేరము పోయినను పొయ్యి ఆరకుండును.