రక్తపరీక్ష – రంగు మూతల రహస్యం



ఈ హాస్టల్లోనే చదువుకుని, ఇంట్లో మొదటి డిగ్రీ అందుకుని, ఇప్పుడు ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదువుతున్న మేము మీకొక చిన్న విషయం చెప్పదలిచాం.

మేము పదో తరగతిలో ఉండగా మా గదిలోని మిత్రుడికి జ్వరమొచ్చింది. కబురందుకుని వాళ్లమ్మ కూలి మానుకుని వచ్చి రక్తపరీక్ష చేయించింది. మర్నాడు రిపోర్టుకు వెళితే "రక్తం గడ్డకట్టింది, మళ్లీ ఇవ్వాలి" అన్నారు. రెండో రోజు కూలీ పోయింది. పైగా బిడ్డ రక్తంలోనే ఏదో దోషముందని ఆ తల్లి ఏడ్చింది. ఆమెకు ధైర్యం చెప్పే చదువు అప్పుడు మాలో ఎవరికీ లేదు.

ఒంట్లోంచి బయటికొచ్చిన రక్తం గడ్డకట్టడం దాని సహజగుణం. గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఊదారంగు మూత ట్యూబులోని ఈడీటీఏ అనే మందు ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చూసే సీబీపీ పరీక్షకు ఇదే వాడతారు. రక్తం తీయగానే ట్యూబును 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. లేకపోతే మందు కలవక గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు వాటిలో చిక్కుకుని లెక్క తప్పుగా తగ్గుతుంది. అలాగని గట్టిగా కుదిపితే కణాలు పగిలిపోతాయి.

లేత నీలం మూత ట్యూబులో సోడియం సిట్రేట్ ఉంటుంది. రక్తం గడ్డకట్టే సమయం చూడటానికిది. 9 పాళ్ల రక్తానికి 1 పాలు మందు. అందుకే గీత వరకూ నింపాలి.

బూడిదరంగు మూత షుగర్ పరీక్షకు. ట్యూబులో చేరాక కూడా కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. సోడియం ఫ్లోరైడ్ దాన్ని అదుపు చేస్తుంది.

ఎర్ర మూతలో మాత్రం రక్తం గడ్డకట్టాలి. అరగంట ఆగి, పైన తేలిన సీరంతో కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేస్తారు.

వరుస కూడా ముఖ్యమే: ముందు నీలం, తర్వాత ఎరుపు, ఊదా, చివర బూడిద. ఊదా ట్యూబు మందులో పొటాషియం ఉంటుంది. అది ఎర్ర ట్యూబులో కొంచెం పడినా పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనబడి డాక్టరు గారు పొరబడే ప్రమాదముంది.

తమ్ముళ్లారా! రక్తం ఇచ్చేటప్పుడు కొత్త సూది మీ ముందే విప్పుతున్నారా, ట్యూబు మీద మీ పేరే రాశారా చూసుకోండి. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటితే విప్పమని మర్యాదగా అడగండి. మళ్లీ రక్తమివ్వమంటే కారణం అడిగి, ఇంట్లో అమ్మకు మన భాషలో చెప్పండి. మన చదువు ముందుగా ఆమె భయం తీర్చాలి.