లోకాభిరామాయణము

ఇద్దరు మిత్రులు వీథిలో ఎదురుపడినపుడు మొదట పలుకు మాటలలో వార్త యేదియు నుండదు. “ఏమండీ, భోజనమైనదా?” అని యొకరు, “అబ్బ, ఏమి ఉక్క!” అని మరియొకరు. అడిగినవారికి ఎదుటివారి భోజనముతో పని లేదు. ఉక్కగా నున్నదని ఆ తడిసిన చొక్కాయే చెప్పుచున్నది. అయినను ఈ మాటలు లేకుండ తిన్నగా పని మాట ఎత్తుకొన్నవానిని చూచి, ఏదో కోపముగా నున్నాడని తలంతుము. దీనినే పెద్దలు లోకాభిరామాయణమనిరి. పిచ్చాపాటి యన్నను ఇదియే.

బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ యను మానవశాస్త్రజ్ఞుడు 1923లో ఇట్టి సంభాషణకు ‘ఫాటిక్ కమ్యూనియన్’ అని పేరిడెను. ఇవి సమాచారము నందించుటకు గాక, మనుష్యుల నడుమ బంధమును నిలుపుటకు పుట్టిన మాటలని ఆయన వివరించెను. మౌనముగా నిలిచిన క్రొత్తవానిని చూచిన జంకు కలుగును; ఎండను గూర్చిన ఒక్క మాట ఆ జంకును తీర్చును.

ఈ మాటలకును కట్టుబాట్లు కలవు. బయలుదేరినవారిని “ఎక్కడికి?” అనుట మన యిండ్లలో అపశకునము, “ఎందాక?” అని అడుగవలెను. పోవువారు “పోవుచున్నాను” అనరు, “వెళ్లి వచ్చెదను” అందురు. “ఈ సంక్రాంతికైనను ఇంటికి సున్నము వేయింపవలెను” అని మిత్రుడు చెప్పినపుడు వెంటనే సలహాకు పూనుకొనుట పొరపాటు. అతనికి కావలసినది వినువాడు. కాని నెల దాటిన పిమ్మట “ఆ సున్నము సంగతి ఏమైనది?” అని తప్పక అడుగవలెను. స్నేహమంతయు ఆ రెండవ ప్రశ్నలో నున్నదని మా తలంపు. (వేయింపలేదని తెలిసియే అడుగుదుము, అది వేరు.)

ఇక ఎండవానల ముచ్చట. తెలుగువారి కది కార్తెలతో ముడిపడినది. సూర్యుడు 27 నక్షత్రములలో ఒక్కొక్కదానియందు సుమారు 13, 14 దినములుండును. ఆ దినములకే కార్తె యని పేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని, ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదని మన తాతలు చెప్పుకొనిరి. ఈ సామెతలు నైరృతి ఋతుపవనముల నమ్ముకొన్న సేద్యమునకు చెందినవి. మనమున్న చెన్నపట్టణమునకు వానలో హెచ్చు భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు గాలులతో వచ్చును. ఆరుద్రలో ఇచట పడునవి సాయంకాలపు జల్లులే. తమిళుల అగ్నినక్షత్రము మే మొదటి వారమున ప్రారంభమై నెలాఖరుకు ముగియును. అది ముగియబోవు వేళకు, మే 25 ప్రాంతమున, మన రోహిణి ప్రవేశించును. ఎండ పోయినదని ప్రక్కింటి తమిళ మిత్రుడు సంతోషించుచుండగా, రోళ్లు ఇంకను పగులవలసి యున్నవని మన యింటి ముసలమ్మ చెప్పును. వారి వాదము ఏటేట జరుగునదే.

మేము విచారపడునది వేరొకటి. ఒక నవంబరులో మూడు దినములు తెఱపి లేక సన్నని వాన పట్టెను. ఎనిమిదవ తరగతివారు అంతకు ముందు వారమే ‘వర్షర్తువు’ అను వ్యాసమును తప్పు లేకుండ వ్రాసి యుండిరి. వరండాలో నిలిచి ఆ వానను గూర్చి వారు చెప్పుకొన్నదంతయు తమిళముననే. అది తప్పని మేమనము. తమిళము మనకు అన్నము పెట్టు భాష, మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను. కాని ఒక బాలికను పిలిచి, ఇట్లు విడువక కురియు వానను తెలుగున నేమందురని అడిగితిమి. “వర్షపాతము” అనెను. మధ్యాహ్న భోజనము వండు ఆయమ్మ పళ్లెము కడుగుచు, తల యెత్తకయే, “ముసురు పట్టింది సార్” అనెను.

తుంపర, జల్లు, జడి, ముసురు: ఇవి పరీక్షా పత్రములలో వచ్చు మాటలు కావు. అరుగుల మీద, వంటింటి గడపలలో, పని లేని వేళ వినబడి నాలుకకు పట్టునవి. ఒక తరము అచట వినకున్నచో పాఠ్యపుస్తకము వానిని తిరిగి తేలేదు. వరండాలో మాటలాడిన పిల్లల పేర్లను పెక్కేండ్లు నల్లబల్లపై వ్రాయించిన దోషము మాదే.

ఈ యేడు మొదటి గంటకు ముందు పది నిమిషములు ఉపాధ్యాయులమందఱము వరండాలో నిలిచి పిల్లలతో ఊరక ముచ్చటించుచున్నాము. మొదటి దినములలో వారు చేతులు కట్టుకొని, పద్యము అప్పగించినట్లు “భోజనమైనదండీ” అనిరి. రెండవ వారమున మేము మా గదికి పోవుచుండగా ఐదవ తరగతి బాలుడొకడు “ఎందాక సార్?” అనెను. నిలిచి సమాధానము చెప్పితిమి. ఆనాడు గంట రెండు నిమిషములు ఆలస్యముగా మ్రోగినది.