వసంతారంభమున మంచు తుఫాను

బరంపురము, గోపాలపురము ప్రాంతములవారికి తుఫానన్న గాలి, వాన, ఉప్పెన. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ వచ్చిపోయిన పిమ్మట దీపములు లేక గడపిన దినములను మీ పెద్దలు నేటికిని చెప్పుదురు. శీతల దేశములలో ఇట్టి చీకటి మంచువలనను కలుగును. దూదివంటి మంచు తీగలనెట్లు తెంచునని మా తరగతిలో పిల్లలు అడుగుచుందురు.

నడిచలికాలపు మంచు పొడిపొడిగా నుండి గాలికెగిరిపోవును. మార్చిలో గాలి వేడిమి 0 డిగ్రీల చెంతనుండుటచే మంచు తడిగానుండి కొమ్మలకును తీగలకును అంటుకొనును. సాధారణముగా 10 అంగుళముల మంచు కరగిన సుమారొక అంగుళము నీరగును. తడిమంచైనచో 5 అంగుళములే చాలును. ఆ బరువునకు కొమ్మలు విరిగి తీగలపై పడును, స్తంభములొరగును.

1993 మార్చి 12 మొదలు 14 వరకు అమెరికా తూర్పు రాష్ట్రములను ఇట్టి తుఫాను ముంచెను. పెనుగాలియు తోడయ్యెను. మంచు అరుదైన అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరమున సుమారు 13 అంగుళములు పడెను. కోటి ఇండ్లకు పైగా విద్యుత్తు ఆగెను.

మనకు విద్యుత్తు లేకున్న ఉక్కపోత, అచట ప్రాణగండము. ఇల్లు వెచ్చజేయు యంత్రము గ్యాసుతో మండినను, దాని పంకా విద్యుత్తుతోనే తిరుగును. చలికోర్వలేక తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొన్నవారు కార్బన్ మోనాక్సైడుచే నిద్రలోనే మరణించుట కలదు. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. (కోరాపుట్ కొండలలోని మన బంధువులును ఈ మాట గమనింపవలెను.)

1993లో వాతావరణశాఖవారు 5 దినములు ముందుగా హెచ్చరింపగలిగిరి. 1888 మార్చిలో న్యూయార్కును మంచు ముంచినపుడు అట్టి హెచ్చరిక లేదు. ఆ పిమ్మటనే ఆ నగరమువారు తీగలను భూమిలో పాతుట వేగిరపరచిరి.