తహ్జీబె నిస్వాన్ సంపాదకురాలు

పరాయి మగవారి ముందు ఇంటి ఆడవారి పేరు పలకటమే పరువు తక్కువని భావించే రోజులవి. 1898 జులై 1న లాహోరు నుంచి 'తహ్జీబె నిస్వాన్' అనే ఉర్దూ వారపత్రిక స్త్రీల కోసం వెలువడింది. సంపాదకురాలు ముహమ్మదీ బేగం. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు.

భర్త మౌల్వీ సయ్యద్ ముంతాజ్ అలీ దేవ్‌బంద్‌లో చదివినవారు. మదరసా వాళ్లంటే ఆడపిల్లల చదువుకు అడ్డుపడేవాళ్లని తేలిగ్గా అనేసేవారి కోసం ఈ సంగతి ప్రత్యేకించి రాస్తున్నాము. స్త్రీల హక్కులపై ఆయన రాసిన 'హుఖూఖె నిస్వాన్' వ్రాతప్రతిని చూసి సర్ సయ్యద్ అంతటివారే కోపంతో చించి బుట్టలో పడేశారు. సర్ సయ్యద్ మరణించాక, 1898లోనే ఆ గ్రంథం అచ్చయింది.

పత్రికను ఉచితంగా పంపినా చాలామంది బూతులు రాసి తిప్పి పంపేవారు. మూడు నెలలకు చందాదారులు 60, 70 మంది. నాలుగేళ్లు గడిచినా మూడు, నాలుగు వందలే. ఇంట్లో సవతి పిల్లల పెంపకం, బయట ఈ దూషణలు. అయినా ఆమె కలం ఆగలేదు.

ఇంటి నిర్వహణపై 'ఖానాదారీ', కొత్త పెళ్లికూతుళ్ల కోసం 'రఫీఖె అరూస్', వంటలపై 'నేమత్ ఖానా' రాశారు. వంటల పుస్తకమే కదా అని చులకన చేయకండి. గడప దాటని ఇల్లాలి చేతికి పుస్తకం అందాలంటే అంతకన్నా దగ్గరి దారి ఏముంది?

మాకు అన్నింటికన్నా ఇష్టమైనది 'హయాతె అష్రఫ్'. అష్రఫున్నిసా బేగం అనే ఉపాధ్యాయురాలి జీవితచరిత్ర ఇది. ఆమె చిన్నతనంలో ఆడపిల్లకు ఖురాన్ చదవటం వరకే అనుమతి, రాయటం నిషిద్ధం. ఆ పిల్ల పెనానికి పట్టిన మసిని సిరాగా చేసుకుని, ఎవరూ చూడకుండా అక్షరాలు దిద్దుకుంది. చివరికి లాహోరు బాలికల పాఠశాలలో పాఠాలు చెప్పింది. ఈ కథ చెబితే మా తరగతిలో ఒక అమ్మాయి, "మసితో రాస్తే చెరిగిపోదా సార్?" అని అడిగింది.

ముహమ్మదీ బేగం 1908 నవంబరులో సిమ్లాలో కన్నుమూశారు. వయసు ముప్పై. కుమారుడు ఇంతియాజ్‌కు అప్పుడు ఎనిమిదేళ్లు. సవతి కూతురు వహీదా బేగం పత్రిక బాధ్యత తీసుకుంది. తర్వాతి కాలంలో 'అనార్కలీ' నాటకంతో పేరు పొందిన ఇంతియాజ్ అలీ తాజ్ ఆ కుమారుడే. తల్లి కూర్చున్న సంపాదక పీఠంలో ఆయన కూడా కూర్చున్నారు.